40 క్యూబిట్ల కోసం కొత్త లాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న, కుదించి: "చిత్తూరులో బీటెక్ ఫైనల్ ఇయర్ అన్నా. ప్రాజెక్టుకు క్వాంటమ్ కంప్యూటింగ్ తీసుకున్నాం. 40 క్యూబిట్ల సిమ్యులేషన్ చూపిస్తే బాగుంటుందని మా గైడ్ అన్నారు. నా లాప్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్. మామిడి డబ్బులు రాగానే గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న కొత్తది కొనిస్తానని నాన్న అంటున్నాడు. క్విస్‌కిట్, సర్క్, పెన్నీలేన్, ఈ సాఫ్ట్‌వేర్లలో ఏది బెస్ట్? ఏ లాప్‌టాప్ కొనాలి?"

తమ్ముడూ, ముందు నాన్నకి ఫోన్ చేసి లాప్‌టాప్ వద్దని చెప్పు. తోతాపురి ధర ఏ ఏడాది ఎలా ఉంటుందో నీకంటే ఆయనకే బాగా తెలుసు. నీ ప్రాజెక్టుకు ఆ డబ్బు ఖర్చు పెట్టాల్సిన పనే లేదు. ఎందుకో నిదానంగా చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

నేను తిరుపతిలో ఉంటాను. క్వాంటమ్ కంప్యూటర్‌ని మామూలు కంప్యూటర్ మీద అనుకరించి చూపించే ఈ సిమ్యులేటర్లతోనే పదేళ్లకు పైగా నా పని. శని, ఆదివారాల్లో పిల్లలు కొందరు ప్రాజెక్టుల కోసం ఇంటికి వస్తుంటారు. దాదాపు అందరూ మొదట అడిగేది నువ్వు అడిగిన ప్రశ్నే, "ఏది బెస్ట్". దానికి నా దగ్గర జవాబు లేదు. ఏం చూపించాలనుకుంటున్నావో చెబితే అప్పుడు ఉంటుంది.

క్వాంటమ్ సిమ్యులేటర్ లోపల జరిగేది పైకి కనిపించేంత మాయేమీ కాదు. ఒక పొడవాటి పట్టీ ఉంటుంది, దాన్నిండా కాంప్లెక్స్ నంబర్లు ఉంటాయి. క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్ వాడే బిట్, సున్నా, ఒకటి రెండూ కలిసిన స్థితిలో కూడా ఉండగలదు. ఒక క్యూబిట్‌కి రెండు గడులు, రెండు క్యూబిట్లకి నాలుగు, మూడింటికి ఎనిమిది. ఒక్కో గడికి 16 బైట్లు. ఈ లెక్కన 20 క్యూబిట్లకి 16 ఎంబీ చాలు, ఫోన్లో తీసిన నాలుగైదు ఫొటోలంత. 25కి 512 ఎంబీ, 28కి 4 జీబీ, 30కి 16 జీబీ. నువ్వడిగిన 40కి 16 టీబీ. అంటే నీ లాప్‌టాప్ లాంటివి రెండు వేల పైచిలుకు తెచ్చి ర్యామ్ మొత్తం ఒకచోట పోయాలి. 50 క్యూబిట్లకి వెళ్తే ఇంకో వెయ్యి రెట్లు.

మనవాళ్లకి ఇలా చెబితే తొందరగా ఎక్కుతుంది. అలిపిరి నుంచి కొండకి 3,550 మెట్లు. రెండు వేలు ఎక్కినవాడికి ఇంకో మెట్టు అంటే ఒక్క మెట్టే. క్యూబిట్ల దారి అలా ఉండదు. ఇంకొక్క మెట్టు అంటే అలిపిరి నుంచి అంతవరకూ ఎక్కినదంతా ఇంకోసారి ఎక్కడం. అందుకే ర్యామ్ రెట్టింపు చేసుకుంటే దక్కేది ఒక్క క్యూబిట్. 8 నుంచి 16 జీబీకి పోతే ఒకటి, 16 నుంచి 32కి పోతే ఇంకొకటి. నాన్న ఇచ్చే డబ్బుతో నువ్వు కొనేది అదే.

గ్రాఫిక్స్ కార్డ్ సంగతీ చూద్దాం. 8 జీబీ మెమరీ ఉన్న కార్డులో నంబర్లను సగం సైజులో, అంటే గడికి 8 బైట్ల చొప్పున, పెట్టుకుంటే 29 క్యూబిట్లు పడతాయి. 30కి సరిగ్గా 8 జీబీ కావాలి, కార్డు తన పనికి కొంత ఉంచుకుంటుంది కాబట్టి పట్టదు. వేగం బాగా పెరుగుతుంది, కాదనను. కానీ పైథాన్ ప్యాకేజీలు దింపుకునే పిప్‌తో దొరికే క్విస్‌కిట్ ఏర్ (క్విస్‌కిట్ సిమ్యులేటర్) జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డ్, ప్యాకేజీ లినక్స్‌లో, ఎన్విడియా కార్డుతో మాత్రమే నడుస్తుంది. విండోస్‌లో నేరుగా ఎక్కదు. ఈ సంగతి తెలియక కార్డు కొనుక్కొచ్చి నా ముందు తెల్లమొహం వేసినవాళ్లు ఇద్దరున్నారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా. అప్పట్లో నాదీ 8 జీబీ లాప్‌టాపే. ఒక ఏప్రిల్ సాయంత్రం 29 క్యూబిట్ల సర్క్యూట్, అంటే క్యూబిట్ల మీద వరసగా చేసే పనుల జాబితా, ఎక్కించాను. పట్టీ ఒక్కటే 8 జీబీ అవుతుంది, ఇక విండోస్‌కి, బ్రౌజర్‌కి చోటెక్కడిది? నేను అది లెక్క వేసుకోలేదు. ర్యామ్ నిండగానే సిస్టమ్ హార్డ్ డిస్క్‌ని ర్యామ్‌లా వాడటం మొదలుపెట్టింది. మౌస్ కదిపితే బాణం గుర్తు అర నిమిషం తర్వాత కదులుతోంది. డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతోంది, ఫ్యాను మిక్సీలా మోగుతోంది. కాఫీ తాగి వచ్చేసరికి అయిపోతుందిలే అని పైకి లేచానో లేదో కరెంటు పోయింది. బ్యాటరీ అంతకు ముందే చచ్చిపోయి ఉంది. ఆ రోజు నుంచి ఏ సర్క్యూట్ నడిపినా ముందు వేళ్ల మీద లెక్క వేసుకుంటాను. నీ మెషీన్‌లో 26 వరకు హాయిగా, 27 కొంచెం ఓపిగ్గా నడుస్తుంది. 28 అంటే బ్రౌజర్ మూసేసి దేవుడికి దండం పెట్టుకోవాలి.

ఇంకో మాట. వేగం ప్రాసెసర్ ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. ఒక గేట్, అంటే సర్క్యూట్‌లోని ఒక్కో పని, వేసిన ప్రతిసారీ సిమ్యులేటర్ ఆ పట్టీ మొత్తం ఒకసారి తిరిగి రావాలి. ఒక్కో గడి దగ్గర చేసే లెక్క చిన్నది, మోసుకొచ్చే సరుకే ఎక్కువ. అందుకే ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి ఎంత వెడల్పన్నదే అసలు సంగతి అవుతుంది. మంచి సిమ్యులేటర్లు నాలుగైదు చిన్న గేట్లను కలిపి ఒకే పెద్ద గేట్ చేసి, నాలుగైదు తిరుగుళ్ల బదులు ఒక్క తిరుగుడుతో సరిపెడతాయి. దీన్ని గేట్ ఫ్యూజన్ అంటారు. గూగుల్ వాళ్ల క్యూసిమ్, ఐబీఎం వాళ్ల ఏర్ రెండూ ఈ పని చేస్తాయి. ఓపెన్ సోర్స్ కాబట్టి కోడ్ తెరిచి ఎలా చేశారో నువ్వే చదువుకోవచ్చు. వైవాలో ఇది చెప్పావంటే ఎగ్జామినర్ కళ్లద్దాలు సర్దుకుంటాడు.

సరే, అయితే 40 క్యూబిట్లు కుదరవా అంటే, కుదురుతాయి. నాలుగు వందలు కూడా కుదురుతాయి. అవి ఎలాంటి 40 అన్నదే ప్రశ్న.

పైన చెప్పిన పట్టీ పద్ధతి, అంటే స్టేట్ వెక్టర్, ఎలాంటి సర్క్యూట్ ఇచ్చినా నడుపుతుంది. దానికి మూల్యం మెమరీ. కొన్ని రకాల సర్క్యూట్లకి అడ్డదారులున్నాయి. హెచ్ (సున్నాని సున్నా, ఒకట్ల సగం సగం కలయికగా మార్చేది), ఎస్, సీనాట్ (ఒక క్యూబిట్ ఒకటైతేనే ఇంకోదాన్ని తిప్పేది) గేట్లు, మామూలు కొలతలు మాత్రమే ఉన్న సర్క్యూట్లను క్లిఫర్డ్ సర్క్యూట్లు అంటారు. వీటిని మామూలు కంప్యూటర్ మీద సులువుగా నడపొచ్చని గోట్స్‌మన్, నిల్ సిద్ధాంతం చెబుతుంది. 2004లో ఆరన్‌సన్, గోట్స్‌మన్ కలిసి దానికి ఇంకా వేగమైన పద్ధతి ఇచ్చారు. పట్టీ బదులు సున్నాలు, ఒకట్లతో ఒక పట్టిక ఉంచుకుంటే చాలు. వెయ్యి క్యూబిట్లకి ఆ పట్టిక నలభై లక్షల బిట్లు, అంటే అర మెగాబైటు. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కంటే పెద్దది కాదు.

ఈ పద్ధతి మీద నడిచే సాఫ్ట్‌వేర్లలో నాకు ప్రాణం స్టిమ్. గూగుల్‌లో పనిచేసే క్రెయిగ్ గిడ్నీ రాశాడు, 2021లో వచ్చింది. దాని వేగం చూశాక మిగతావాటిని వాడాలంటే చిరాకేస్తుంది. అయితే క్లిఫర్డ్‌లో చేరని టీ గేట్ ఒక్కటి వేశావో, స్టిమ్ తీసుకోదు. టీ గేట్లు పెరిగేకొద్దీ ఖర్చు మళ్లీ రెట్టింపుల దారి పడుతుంది. క్వాంటమ్ కంప్యూటర్ అసలు బలం క్లిఫర్డ్ బయటే ఉంది మరి.

రెండో అడ్డదారి మేట్రిక్స్ ప్రొడక్ట్ స్టేట్. క్యూబిట్లను వరసగా నిలబెట్టి, పక్కపక్కవాటి మధ్య ఎంత ముడి పడిందో అంతవరకే లెక్క ఉంచుకుంటుంది. ఈ ముడినే ఎంటాంగిల్‌మెంట్ అంటారు. అది కొద్దిగా ఉంటే చాలా చవక, పెరిగితే చాలా ఖరీదు. క్విస్‌కిట్ ఏర్‌లోనే ఈ పద్ధతి ఉంది, ఒక్క మాట మార్చి ఎంచుకోవచ్చు. మొదటి క్యూబిట్‌కి హెచ్ వేసి, అక్కడి నుంచి వరసగా 40 దాకా సీనాట్లు వేసుకుంటూ పో. అన్నీ సున్నా లేదా అన్నీ ఒకటి వచ్చే జీహెచ్‌జెడ్ స్థితి తయారవుతుంది. ఇది నీ 8 జీబీ లాప్‌టాప్‌లోనే రెప్పపాటులో అయిపోతుంది. అదే 40 క్యూబిట్ల మీద అడ్డదిడ్డంగా గేట్లు వేసి లోతు పెంచుతూ పో, ఇదే పద్ధతి మోకాళ్ల మీద కూలబడుతుంది.

కాబట్టి మీ గైడ్‌ని అడగాల్సింది "సార్, 40 క్యూబిట్లతో ఏ సర్క్యూట్?" అని. ఆయన "గ్రోవర్ సెర్చ్" అన్నారనుకో, అంటే కుప్పలో ఒకదాన్ని వెతికే క్వాంటమ్ పద్ధతి, మర్యాదగా ఈ లెక్క చూపించు. 40 క్యూబిట్ల గ్రోవర్‌కి ఒకే పనిని సుమారు 8 లక్షల 23 వేల సార్లు తిప్పాలి. 16 టీబీ ర్యామ్ ఎవరో దానం చేసినా, ఆ పట్టీ మీద అన్ని లక్షల తిరుగుళ్లు మీ సబ్‌మిషన్ తేదీలోగా అవ్వవు.

ఇక సాఫ్ట్‌వేర్ల గురించి. క్విస్‌కిట్ ఐబీఎం వాళ్లది, 2017లో బయటికొచ్చింది. ఎక్కువమంది వాడేది అదే. ఎక్కడైనా ఇరుక్కుంటే జవాబు దొరికే అవకాశం కూడా దానికే ఎక్కువ. సిమ్యులేటర్ కోసం ఏర్ ప్యాకేజీ వేరుగా వేసుకోవాలి. సర్క్ గూగుల్‌ది, 2018. గేట్లు ఏ క్షణంలో ఏది పడాలో చేత్తో పేర్చుకునేవాళ్లకి బాగుంటుంది. దాని వెనక వేగం కోసం క్యూసిమ్ పెట్టుకోవచ్చు. పెన్నీలేన్ కెనడాలోని జానడు కంపెనీది. మెషీన్ లెర్నింగ్‌లో చేసినట్టు సర్క్యూట్‌లోని కోణాలను డెరివేటివ్‌లతో సర్దుకోవాలంటే దానికి సాటి లేదు, లేకపోతే దాని అవసరం లేదు. క్యూటిప్ పూర్తిగా వేరే జాతి. గేట్లు కాదు, అసలు భౌతిక వ్యవస్థ కాలంతో ఎలా మారుతుందో, చుట్టూ ఉన్న వేడి, రొద వల్ల ఎలా చెడుతుందో చూపిస్తుంది. ఎంఎస్సీ ఫిజిక్స్ పిల్లలు వస్తే నేను వాళ్లకి నేరుగా అదే ఇస్తాను. స్టేట్ వెక్టర్‌లో వేగం కావాలంటే జపాన్ వాళ్ల క్యూల్యాక్స్, ఆక్స్‌ఫర్డ్ వాళ్ల క్వెస్ట్ ఉన్నాయి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్లోనే ఆడుకోవాలంటే క్వర్క్. అదీ గిడ్నీదే, 16 క్యూబిట్ల దాకా వస్తుంది. గేట్‌ని వేలితో లాగి వేస్తే ఫలితం అక్కడికక్కడే మారుతుంది. మా అక్క కూతురు తొమ్మిదో తరగతిలో దాంతో గంటసేపు ఆడుకుంది.

మన దేశంలోనూ ఒకటుంది. 2021లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ విడుదల చేసిన క్యూసిమ్. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ రూర్కీ, కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీడాక్ కలిసి చేశారు. నాయిస్, అంటే అసలు మెషీన్‌లో దొర్లే తప్పులతో సహా సిమ్యులేట్ చేయడం దాని ప్రత్యేకత. పేరు గూగుల్ వాళ్లదానితో కలిసిపోయింది, కాబట్టి వెతికేటప్పుడు తికమక పడకు. ఒకబ్బాయి మూడు పేజీల రిపోర్ట్‌లో రెండింటినీ ఒకటే అనుకుని రాసేశాడు.

వీటిలో ఏది పట్టుకున్నా, అంతకు ముందు ఒక పని చెయ్యి. నీ సొంత సిమ్యులేటర్ ఒకటి రాయి. నవ్వకు. పైథాన్, నంపై తెలిస్తే నలభై లైన్లు. చేత్తో చేసి చూపిస్తాను.

రెండు క్యూబిట్లు, నాలుగు గడులు. వాటి పేర్లు వరసగా 00, 01, 10, 11. మొదట్లో పట్టీ 1, 0, 0, 0. కుడివైపు చివరి అంకె సున్నా నంబర్ క్యూబిట్‌ది అనుకుందాం. దాని మీద హెచ్ వేయాలంటే ఆ చివరి అంకెలో మాత్రమే తేడా ఉన్న గడులను జతలుగా పట్టుకోవాలి. 00తో 01, 10తో 11. ప్రతి జతలో మొదటి గడిలో రెండింటి మొత్తం, రెండో గడిలో రెండింటి తేడా రాసి, రెంటినీ 0.707తో గుణించు. పట్టీ ఇప్పుడు 0.707, 0.707, 0, 0. తర్వాత సీనాట్. చివరి అంకె ఒకటి ఉన్న గడులను మాత్రమే చూసి మొదటి అంకెను తిప్పెయ్యి, అంటే 01లో ఉన్నది 11కి, 11లో ఉన్నది 01కి. పట్టీ 0.707, 0, 0, 0.707 అయింది. ఒక్కో గడిని వర్గం చేస్తే 00 రావడానికి సగం అవకాశం, 11 రావడానికి సగం, మధ్యలోవి అసలు రావు. పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసే బెల్ స్థితి ఇదే. జతలు పట్టుకోవడం, కలపడం, తీసెయ్యడం. ముప్పై క్యూబిట్లకీ ఇదే పని, గడులు మాత్రమే వంద కోట్ల పైన.

ఇది ఒకసారి చేత్తో చేసినవాడికి, తర్వాత క్విస్‌కిట్ ఏ సందేశం విసిరినా భయం ఉండదు. చెయ్యనివాడు నాలుగు నెలలు కాపీ, పేస్ట్‌తో నెట్టుకొచ్చి వైవాలో దొరికిపోతాడు.

ఇక్కడే ఒక గుంట ఉంది, అందరూ పడతారు. పైన "చివరి అంకె సున్నా నంబర్ క్యూబిట్‌ది అనుకుందాం" అన్నాను కదా. క్విస్‌కిట్ పద్ధతి అది. సర్క్, పెన్నీలేన్ దానికి తలకిందులు, సున్నా నంబర్‌ది ఎడమవైపు మొదటి అంకె. మూడు క్యూబిట్లలో సున్నా నంబర్ మీద మాత్రమే, సున్నాని ఒకటి చేసే ఎక్స్ గేట్ వేస్తే క్విస్‌కిట్ 001 అంటుంది, సర్క్ 100 అంటుంది. ఇద్దరిదీ కరెక్టే. కొన్నేళ్ల కిందట ఒక పనిలో సగం కోడ్ ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో ఉండి, ఫలితాలు కలవక రెండు రోజులు జుట్టు పీక్కున్నాం. మొదట బెల్ స్థితితో టెస్ట్ చేసి అంతా బాగుందని నమ్మడమే మా తప్పు. 00, 11 ఎటునుంచి చదివినా ఒకటే కదా! జీహెచ్‌జెడ్ కూడా అంతే. టెస్ట్ ఎప్పుడూ తిరగేస్తే మారిపోయేదానితో చెయ్యాలి. ఒక్క ఎక్స్ గేట్ చాలు.

గ్రోవర్ మీద మనసుంటే మూడు క్యూబిట్లతో చెయ్యి, అందులోనే చూడాల్సింది చాలా ఉంది. ఎనిమిదింటిలో ఒకటి వెతకాలి. గుడ్డిగా వేలు పెడితే దొరికే అవకాశం 12.5 శాతం. ఒకసారి తిప్పితే 78.1 శాతానికి వస్తుంది, రెండోసారి 94.5కి. మా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి, "రెండుసార్లకే ఇంత వస్తే ఇంకో రెండు తిప్పితే నూరు వస్తుంది కదా" అని తిప్పింది. మూడోసారికి 33 శాతానికి పడింది. నాలుగోసారికి 1.2. సిమ్యులేటర్ పాడైందేమోనని మళ్లీ ఇన్‌స్టాల్ కూడా చేసింది పాపం. పాడవ్వలేదు. మన చిత్తూరు వైపు బెల్లం వండేవాళ్లని అడుగు, పాకం దించాల్సిన క్షణం ఒకటుంటుంది. అది దాటాక ఎంత కాచినా బెల్లం బాగుపడదు, మాడుతుంది. గ్రోవర్‌లో ప్రతి తిప్పుడూ స్థితిని ఒక స్థిరమైన కోణంలో జరుపుతుంది. సమాధానం దాటిపోయాక జరిపేది దూరానికే. ఈ ఐదు అంకెలను గ్రాఫ్ గీసి పెడితే రిపోర్ట్‌లో ఒక అధ్యాయం అవుతుంది, నీ సొంత సిమ్యులేటర్‌తోనే.

షాట్స్, అంటే సర్క్యూట్‌ని ఎన్నిసార్లు నడిపామో, దాని గురించి కూడా ఒక ముక్క. సగం సగం రావాల్సిన సర్క్యూట్‌ని 1,024 సార్లు నడిపితే 512 రావాలని ఎదురు చూడకు. పదహారు అటూ ఇటూ సర్వసాధారణం, ముప్పై తేడా వచ్చినా కంగారు అక్కర్లేదు. 497 వచ్చిందని టెన్షన్ పడి అర్ధరాత్రి నాకు మెసేజ్ పెట్టినవాళ్లున్నారు.

నాయిస్ సంగతి మాత్రం వదలకూడదు. సిమ్యులేటర్ మామూలుగా చూపించేది తప్పే చెయ్యని క్వాంటమ్ కంప్యూటర్‌ని. అలాంటిది లోకంలో ఎక్కడా లేదు. గేట్‌కి ఒక్క శాతం తప్పు అనుకున్నా, వంద గేట్లు దాటేసరికి ఏ తప్పూ జరగకుండా ఉండే అవకాశం 37 శాతమే. దీన్ని లెక్కలోకి తేవడానికి రెండు దారులు. ఒకటి డెన్సిటీ మేట్రిక్స్. అందులో పట్టీ బదులు చదరం ఉంటుంది, కాబట్టి క్యూబిట్‌కి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. 28 క్యూబిట్ల పట్టీకి పట్టే 4 జీబీలో 14 క్యూబిట్ల చదరమే పడుతుంది. రెండోది, మామూలు పట్టీ మీదే పాచికలు వేస్తూ అక్కడక్కడా తప్పులు చొప్పించి, వేలసార్లు నడిపి సగటు తియ్యడం. మెమరీ తక్కువ, టైమ్ ఎక్కువ. ఏర్ ఈ రెండూ చేస్తుంది. నీ మెషీన్‌కి పది, పన్నెండు క్యూబిట్ల లోపైతే మొదటిదే వాడు, అంకెలు సాఫీగా వస్తాయి.

ఇప్పుడు నేను నీ స్థానంలో ఉంటే ఏ ప్రాజెక్ట్ చేస్తానో చెబుతాను. ఎర్రర్ కరెక్షన్, అంటే క్యూబిట్లలో దొర్లే తప్పులను పట్టి సరిదిద్దడం, స్టిమ్‌తో.

మొదలు చాలా చిన్నగా. ఒక బిట్‌ని మూడుసార్లు రాసి, ఎక్కువమంది చెప్పిందే నిజమనుకునే రిపిటిషన్ కోడ్. ఒక్కో కాపీ చెడిపోయే అవకాశం 10 శాతం అయితే, మూడు కాపీల తీర్పు తప్పయ్యే అవకాశం 2.8 శాతం. అయిదు కాపీలకి 0.86 శాతం. ఈ రెండు అంకెలూ కాగితం మీద ప్రాబబిలిటీతో నువ్వే రాబట్టగలవు, ఇంటర్ లెక్క. తర్వాత స్టిమ్‌లో అదే కోడ్ పెట్టి లక్ష షాట్లు నడిపి, కాగితం మీద వచ్చిందే వస్తోందా చూడు. రాకపోతే తప్పు నీదే, వెతుక్కో. వచ్చిందంటే అప్పుడు సర్ఫేస్ కోడ్‌కి వెళ్లు, అది క్యూబిట్లను చదరంగా పేర్చి తప్పులు పట్టే పద్ధతి. ఆ సర్క్యూట్‌ని స్టిమ్ తనే తయారుచేసి ఇస్తుంది, డిస్టెన్స్ (ఆ చదరం భుజం) ఎంతో, నాయిస్ ఎంతో చెబితే చాలు. ఏ తప్పు ఎక్కడ జరిగిందో పసిగట్టే డీకోడర్‌గా పైమ్యాచింగ్ వేసుకో, అదీ ఓపెన్ సోర్సే.

క్యూబిట్ల లెక్క ఇక్కడ చూడు. డిస్టెన్స్ 3కి డేటా క్యూబిట్లు 9, కొలిచేవి 8, మొత్తం 17. డిస్టెన్స్ 5కి 49. డిస్టెన్స్ 7కి 97. డిస్టెన్స్ 11కి 241. మీ గైడ్ అడిగిన 40 ఎక్కడో కింద ఉండిపోయింది! ఇదంతా నీ 8 జీబీ లాప్‌టాప్‌లో, బ్రౌజర్ మూయకుండా. నాయిస్‌ని కొంచెం కొంచెంగా మారుస్తూ ఒక్కో డిస్టెన్స్‌కి ఒక గీత గియ్యి. నాయిస్ ఎక్కువున్నప్పుడు డిస్టెన్స్ పెంచితే తప్పులు ఇంకా పెరుగుతాయి. ఒక హద్దు కిందికి రాగానే గీతలు అడ్డంగా దాటుకుని, డిస్టెన్స్ పెంచేకొద్దీ తప్పులు తగ్గుతాయి. ఆ దాటుకునే చోటునే త్రెషోల్డ్ అంటారు. 2024 డిసెంబర్‌లో గూగుల్ విల్లో చిప్ గురించి పేపర్లలో వచ్చిన హడావుడిలో ఒక ముఖ్య సంగతి ఇదే. 105 క్యూబిట్ల చిప్ మీద డిస్టెన్స్ 3, 5, 7 నడిపి, ఒక్కో మెట్టుకి తప్పులు 2.14 రెట్లు తగ్గాయని చూపించారు. సిమ్యులేషన్‌లో నువ్వు గీసేది అదే రకం గ్రాఫ్.

"అమరావతికి ఐబీఎం క్వాంటమ్ మెషీన్ వస్తోంది కదా, ఇక సిమ్యులేటర్లు ఎందుకు?" అని నీ బ్యాచ్‌లో ఎవరో ఒకరు అంటారు. 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో సిస్టమ్ టూ అనే మెషీన్ పెడతామని 2025 మేలో ప్రకటించారు, మంచిదే. కానీ అసలు మెషీన్ నీకు ఇచ్చేది చివర్లో కొలిచిన సున్నాలు, ఒకట్లు మాత్రమే. మధ్యలో పట్టీలో ఏముందో అది చూపించదు, ప్రకృతే ఒప్పుకోదు. సర్క్యూట్‌లో తప్పు ఎక్కడుందో వెతకాలంటే మధ్యలో ఆపి గడి గడీ చూడగలిగేది సిమ్యులేటర్‌లోనే. అసలు మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లు కూడా ముందు ఇక్కడ చిన్న సైజులో నడిపి చూసుకునే అక్కడికి పంపుతారు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, ప్రాజెక్టుకంటూ పైథాన్‌లో వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకో, కాలేజీ ల్యాబ్ పనులతో కలపకు. రెండు, యూట్యూబ్‌లో దొరికే క్విస్‌కిట్ పాఠాల తేదీ చూడు. 2024 ఫిబ్రవరిలో వెర్షన్ 1.0 వచ్చినప్పుడు పాత పద్ధతులు చాలా తీసేశారు. ఎగ్జిక్యూట్ అనే ఫంక్షనే లేదు ఇప్పుడు. ఏర్‌ని కూడా క్విస్‌కిట్ లోపలి నుంచి కాకుండా దాని సొంత ప్యాకేజీ నుంచి పిలవాలి. పాత వీడియో చూసి కోడ్ కొట్టి, మొదటి లైన్‌లోనే ఎర్రర్ వస్తే నీ లాప్‌టాప్‌ని తిట్టకు. ఏ వెర్షన్‌తో చేశావో రిపోర్ట్‌లో రాయడం మర్చిపోకు. ఆరు నెలల తర్వాత నీ జూనియర్ నడపాలంటే అదే ఆధారం.

ర్యామ్ ఇంకొంచెం కావాలనిపించిన రోజు బ్రౌజర్లోనే పైథాన్ నడిపించే గూగుల్ కొలాబ్ ఉచితంగా సుమారు 12 జీబీ ఇస్తుంది, ఆ రోజుకి అది వాడుకో. మీ ఊళ్లో నెట్ ఆగితే మాత్రం సెషన్ పోతుంది, ఫలితాలు ఎప్పటికప్పుడు డ్రైవ్‌లో దాచుకో.

ఈ వారం నలభై లైన్ల సిమ్యులేటర్ రాసి, మూడు క్యూబిట్ల గ్రోవర్ అంకెలు 78.1, 94.5, 33, 1.2 వస్తున్నాయో లేదో చూడు. వచ్చాక రిపిటిషన్ కోడ్ గ్రాఫ్ ఇక్కడే పెట్టు. రాకపోతే కోడ్ పెట్టు, స్క్రీన్‌షాట్ కాదు, టెక్స్ట్‌గా. ఫోన్‌లో తీసిన స్క్రీన్ ఫొటోలు చదివి చదివి నా కళ్లద్దాల నంబర్ పెరిగింది.